కూరగాయలు, పండ్లతో తినదగిన పూలు చెక్కడం: కత్తి పట్టు నుంచి చన్నీటి దాకా

గుండ్రటి ఎర్ర ముల్లంగికి నాలుగు వైపులా పలుచగా గాట్లు పెట్టి పక్కన ఉంచితే, అది గాట్లు పడిన దుంపలాగే ఉంటుంది. దాన్నే ఐసు ముక్కలు వేసిన నీటిలో గంటసేపు వదిలి తీస్తే, గాటు పడిన ప్రతిచోటా తొక్క వెనక్కి విచ్చుకుని, ఎర్రటి అంచు వెనుక తెల్లటి కండ బయటపడి, పూర్తిగా విరిసిన పువ్వు చేతికి వస్తుంది. ఈ పనిలో సగం కత్తిది, మిగతా సగం నీటిది. ఈ సంగతి మొదటే తెలిసి ఉంటే చెక్కే చేయి తొందరపడదు, రేకులను బలవంతంగా వేళ్లతో విప్పి విరగ్గొట్టుకునే అవసరమూ రాదు.

నీరు ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ముందు ముందు ప్రతి పువ్వుకూ ఇదే ఆధారం. కోసిన దుంపను మామూలు చన్నీటిలో ఉంచినప్పుడు లోపలి కండలోని కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. పైతొక్క మాత్రం అంతగా సాగదు. ఒక వైపు ఉబ్బి, రెండో వైపు బిగుసుకుని ఉండడం వల్ల పలుచటి రేకు తొక్క వైపుకు, అంటే బయటికి, వంగుతుంది. ఉప్పునీరు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది: కణాల్లోని నీటిని బయటికి లాగి ముక్కను మెత్తబరుస్తుంది. కాబట్టి విచ్చుకోవలసిన పువ్వుకు మంచినీరు, చుట్టవలసిన పువ్వుకు ఉప్పునీరు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

పనిముట్లు, కత్తి పట్టు

పెద్ద పెట్టె నిండా పనిముట్లు కొనవలసిన పని లేదు. ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల అలుగు ఉన్న చిన్న చాకు ఒకటి, చెక్కు తీసే పీలర్ ఒకటి, జారని కటింగ్ బోర్డు ఒకటి ఉంటే ఇక్కడ చెప్పబోయే పూలలో ఎక్కువ భాగం చేయవచ్చు. పుచ్చకాయ గులాబీ దాకా వెళ్లదలచినవారు థాయ్ కత్తి అనే పేరుతో దొరికే సన్నటి, మొనదేలిన అలుగు ఉన్న చెక్కుడు కత్తిని సంపాదించుకోవడం మంచిది. థాయ్‌లాండ్‌లో పండ్లు, కూరగాయలు చెక్కడం శతాబ్దాలుగా ఒక కళగా నిలిచి ఉంది; ఆ కత్తి ఆ పనికోసమే రూపుదిద్దుకున్నది. దాని అలుగు ఇరుకుగా ఉండడం వల్ల చిన్న వంపుల్లో కూడా తిరుగుతుంది. వెడల్పాటి చాకు వంపులో ఇరుక్కుని రేకును చీలుస్తుంది.

పదును విషయంలో రాజీ పడకూడదు. మొద్దు కత్తిని నొక్కి పట్టవలసి వస్తుంది, నొక్కిన కత్తి జారుతుంది, జారిన కత్తి వేలికే తగులుతుంది. వెయ్యి నంబరు సానరాయి మీద పదును పెట్టి, తరువాత మూడు వేలు లేదా అంతకంటే నున్నటి రాయి మీద అంచు సరిచేసుకుంటే సరిపోతుంది. పదును చాలిందో లేదో టమాటాతో చూడవచ్చు: కత్తిని తొక్క మీద ఆనించి నొక్కకుండా మెల్లగా లాగినప్పుడు గాటు పడితే పదును ఉన్నట్టే.

కత్తిని కలం పట్టినట్టు పట్టుకోవాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కత్తిని పడితే, ఉంగరపు వేలు, చిటికెన వేలు కూరగాయ మీద ఆనాలి. ఈ ఆనుడే అసలు రక్షణ, ఎందుకంటే కత్తి ఎంత దూరం పోగలదో ఆ రెండు వేళ్లే నిర్ణయిస్తాయి. వంపు తిప్పవలసి వచ్చినప్పుడు కత్తి చేతిని మెలితిప్పకుండా రెండో చేతిలో ఉన్న దుంపను తిప్పాలి. నేర్చుకునే మొదటి వారమంతా నేను కత్తినే తిప్పుతూ మణికట్టు నొప్పి తెచ్చుకున్నాను. దుంపను తిప్పడం అలవాటైన రోజు నుంచే నా రేకులన్నీ ఒకే మందంతో రావడం మొదలైంది.

సరుకు ఎంపిక

చేతిలోకి తీసుకోగానే బరువుగా, గట్టిగా అనిపించేవే చెక్కడానికి పనికివస్తాయి. బెండుబారిన ముల్లంగి లోపల దూదిలా ఉంటుంది. దానిలో రేకు నిలవదు, నీటిలో వేసినా విచ్చుకోదు. క్యారెట్ పైభాగం కనీసం మూడు సెంటీమీటర్ల లావు ఉండాలి. టమాటా ఎర్రగా పండి ఉండాలి గాని మెత్తబడి ఉండకూడదు. కీర దోసకాయ గింజలు ముదరనిదై ఉండాలి. ఇంకొక చిన్న విషయం ఉంది: ఫ్రిజ్ నుంచి అప్పుడే తీసిన క్యారెట్, ముల్లంగి పెళుసుగా ఉండి కత్తి పెట్టగానే పగులుతాయి. అరగంట ముందే బయట పెట్టి, చెక్కడం అయిన తరువాత మళ్లీ చన్నీటిలో వేయడం సరైన పద్ధతి.

ఇవి తినే పూలు గనుక శుభ్రత గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కోయక ముందే కాయను, తొక్క తీసేయబోయే కాయను సైతం, పారే నీటి కింద రుద్ది కడగాలి. లేకపోతే తొక్క మీది మురికిని కత్తే లోపలి కండలోకి తీసుకుపోతుంది. పచ్చి మాంసం, చేపలు కోసిన బోర్డును, చాకును దీనికి వాడకూడదు.

మొదటి పువ్వు: ముల్లంగి

గుండ్రటి ఎర్ర ముల్లంగిని తీసుకుని, ఆకుల కాడను ఒక సెంటీమీటరు మేర ఉంచి మిగతాది కోసేయండి. ఆ కాడ పిడిలా ఉపయోగపడుతుంది. వేరు వైపు తోకను, దానితో పాటు ఒక పలుచటి బిళ్లను కోసేస్తే తెల్లటి చిన్న వృత్తం కనిపిస్తుంది. పువ్వు నడిబొడ్డు అదే.

ఇప్పుడు వేరు వైపు పైకి ఉండేలా పట్టుకుని, తెల్లటి వృత్తం అంచు దగ్గర కత్తిని ఆనించి, దుంప వంపును అనుసరిస్తూ కిందికి కోయండి. తొక్కతో పాటు సుమారు రెండు మిల్లీమీటర్ల కండ రేకులోకి రావాలి. కాడకు ఒక సెంటీమీటరు దూరంలో ఆపేయాలి. అక్కడ కత్తిని ఆపలేకపోతే రేకు ఊడి చేతిలోకి వస్తుంది. ఇదే విధంగా చుట్టూ ఐదు రేకులు కోయాలి. ఆ తరువాత మొదటి వరుసలోని రెండేసి రేకుల మధ్య, వాటి వెనుక ఉన్న తెల్లటి కండలో, రెండో వరుస గాట్లు పెట్టవచ్చు. అప్పుడు ముందు ఎర్ర రేకు, వెనుక తెల్ల రేకు ఒకదాని సందులో ఒకటి కనిపిస్తాయి.

గిన్నెలో ఐసు ముక్కలు వేసిన నీరు పోసి, పువ్వు పూర్తిగా మునిగేలా గంట నుంచి రెండు గంటలు ఉంచండి. రేకు విచ్చుకోలేదంటే కారణం దాదాపు ఎప్పుడూ మందమే: మూడు, నాలుగు మిల్లీమీటర్ల రేకును నీరు వంచలేదు. మందమైన రేకును మళ్లీ లోపలి వైపు నుంచి పలుచగా గీసి, ఇంకో గంట నీటిలో ఉంచితే చాలాసార్లు దారికి వస్తుంది.

పండు మిరపకాయ పువ్వు కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. మొన నుంచి తొడిమ వైపు కత్తెరతో చీలుస్తూ, తొడిమకు ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో ఆపి, ఆరు నుంచి ఎనిమిది పాయలు చేసి, గింజలు తీసి నీటిలో వేస్తే అరగంట నుంచి గంటలోపు పాయలు వెనక్కి చుట్టుకుంటాయి. చేతికి తొడుగులు తప్పనిసరి. మిరప ఘాటుకు కారణమైన కాప్సైసిన్ నీటిలో సులభంగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందువల్ల చేయి మండితే ముందు కొంచెం వంటనూనె రుద్ది, ఆ తరువాత సబ్బుతో కడగాలి. ఉల్లికాడ తెల్లభాగాన్ని ఏడెనిమిది సెంటీమీటర్ల ముక్కగా కోసి, మధ్యలో రెండు సెంటీమీటర్లు వదిలి రెండు చివరలా సన్నగా చీల్చి నీటిలో వేస్తే, పావుగంటలోనే కుచ్చులా విప్పారుతుంది.

క్యారెట్: ఐదు రేకుల పువ్వు

క్యారెట్ పువ్వును అందరూ సులభమైనదిగా భావిస్తారు. బిళ్లలుగా కోసేదాకా అది సులభమే. కష్టమంతా చుట్టుకొలతను ఐదు సమాన భాగాలు చేయడంలో ఉంది. దీనికి నేను ఎప్పుడూ మనిషి ఆకారాన్ని తలచుకుంటాను: పైన తల, పక్కన రెండు చేతులు, కింద ఎడంగా రెండు కాళ్లు. క్యారెట్ కోసిన ముఖం మీద ఈ ఐదు స్థానాల్లో చాకు మొనతో చిన్న గుర్తులు పెట్టుకుని, ఒక్కొక్క గుర్తు వద్ద క్యారెట్ పొడవునా మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున వాలుగా రెండు గాట్లు పెట్టి, మధ్యనున్న సన్నటి ముక్కోణపు బద్దను తీసేయాలి. ఐదు గాడులు పడిన తరువాత రేకుల మూలలను గుండ్రంగా చెక్కి, అడ్డంగా బిళ్లలు కోస్తే పూలు వస్తాయి.

ఇంతటితో ఆపినా పువ్వే, కాని ఆ పువ్వు చదునుగా ఉంటుంది. దానికి ప్రాణం రావాలంటే బిళ్లను ఒక సెంటీమీటరు మందంగా కోసి, జపాన్ వంటవారు నెజిరి ఉమె అనే పద్ధతిలో మెలి చెక్కాలి. రెండు రేకుల మధ్య లోయ నుంచి బిళ్ల నడిబొడ్డు దాకా కత్తిని నిలువుగా పట్టి, రెండు మూడు మిల్లీమీటర్ల లోతుతో గీత పెట్టండి. ఇలా ఐదు గీతలు. తరువాత ఒక రేకు ఒక అంచు దగ్గర పై మట్టంలో కత్తిని ఆనించి, రెండో అంచున ఉన్న గీత అడుగు దాకా వాలుగా కోసి, ఆ సన్నటి ముక్కను తీసేయండి. రేకు ఒక వైపు ఎత్తుగా, మరో వైపు పల్లంగా మారుతుంది. ఐదు రేకులనూ ఒకే దిశలో వాల్చాలి. ఒక్కటి ఎదురు దిశలో వాలినా పువ్వు తిరుగుతున్నట్టు కనిపించదు. మరిగే నీటిలో ఒక నిమిషం వేసి, వెంటనే ఐసు నీటిలోకి మారిస్తే నారింజ రంగు నిండుగా తేలుతుంది, తినడానికీ హాయిగా ఉంటుంది.

గులాబీ: రెండు కోతల విద్య

దుంప మీద గాని, పుచ్చకాయ మీద గాని గులాబీ చెక్కడం తెలిసినవారు ప్రతి రేకుకూ రెండు కోతలు పెడతారు. మొదటిది రేకు ఆకారాన్ని గీసే కోత. రెండోది ఆ రేకు వెనుక నుంచి వాలుగా వచ్చి మొదటి కోత అడుగున కలిసే కోత. ఈ రెండింటి మధ్య నుంచి చంద్రవంక లాంటి ఒక ముక్క ఊడివస్తుంది, దానితో రేకు వెనుక నీడ ఏర్పడుతుంది. ఆ నీడ లేకపోతే ఎంత అందంగా గీసిన రేకు కూడా పక్క రేకుతో కలిసిపోయి గీతలా మిగులుతుంది. కొత్తగా నేర్చుకునేవారు రేకు మీదే శ్రద్ధ అంతా పెట్టి, తీసేయవలసిన ముక్కను భయంభయంగా గోరంత తీస్తారు. ధైర్యంగా తీయాలి. మొదట బంగాళాదుంప మీద సాధన చేయడం మంచిది, ఎందుకంటే దాని కండ అంతటా ఒకే గట్టిదనంతో ఉంటుంది. ఆ ముక్కలను తరువాత ఉడికించి వాడుకోవచ్చు.

పుచ్చకాయ మీద క్రమం ఇలా ఉంటుంది. కాయ కదలకుండా అడుగున పలుచటి బిళ్ల కోసి చదును చేసి, తడిగుడ్డ చుట్ట మీద నిలబెట్టాలి. పువ్వు రావలసిన చోట మాత్రమే ఆకుపచ్చ తొక్కను తీసి, కింది లేత తెలుపు పొరను నున్నగా చెక్కాలి. నడుమ నాలుగు, ఐదు సెంటీమీటర్ల అడ్డుకొలతతో ఒక వృత్తం గీసి, కత్తిని నిలువుగా పట్టి రెండు సెంటీమీటర్ల లోతు దాకా కోయండి. ఇప్పుడు వృత్తం బయట నుంచి కత్తిని వాలుగా పట్టి, వృత్తపు కోత అడుగుకు చేరేలా చుట్టూ కోసి, ఉంగరంలా వచ్చే ముక్కను తీసేస్తే నడుమ మొగ్గ నిలబడుతుంది.

మొదట మొగ్గ లోపలి పని. మొగ్గ అంచు లోపలి వైపున కొంచెం వాలు చెక్కి, ఆ వాలు మీద ఒక చాపం కోసి, దాని వెనుక ముక్క తీయండి. రెండో రేకు మొదటి రేకు సగం దగ్గర మొదలు కావాలి. మూడోది రెండోదాని సగం దగ్గర. ఇలా ఒకదానిపై ఒకటి పడుతూ నడిబొడ్డుకు చేరేసరికి మూసుకున్న మొగ్గ తయారవుతుంది. తరువాత మొగ్గ బయట. బయటి గోడను నున్నగా వాలు చేసి, కత్తి మొనను మొగ్గ వైపు వాల్చి రేకు అంచును అలలా కోసి, వెనుక ముక్కను తీయాలి. మొదటి వరుసలో ఐదు రేకులు చాలు. తరువాతి వరుస రేకులు ముందు వరుస సందుల్లో పడాలి, వరుస వరుసకూ పెద్దవి కావాలి, కత్తి కూడా కొంచెం కొంచెం పడుకోవాలి. అప్పుడే బయటి రేకులు విరిసినట్టు కనిపిస్తాయి. రేకు అంచు పలుచగా, మొదలు మందంగా ఉండాలి. పైపొర తెల్లగా, లోపలి కండ ఎర్రగా ఉండడం వల్ల అంచున తెలుపు, లోతుకు పోయేకొద్దీ ఎరుపు దానంతట అదే వస్తుంది. ఏ రంగూ పూయకుండా కాయ తనకు తానుగా ఇచ్చే ఈ వన్నె కోసమే పుచ్చకాయ మీద ఇంత ఓపిక పెట్టవచ్చు.

చుట్టి చేసే పూలు

కత్తి ఇంకా చేతికి అలవాటు కానివారికి ఇవి మంచి ప్రారంభం. టమాటాను తొడిమ లేని వైపు పట్టి, ఒక పలుచటి బిళ్లను పూర్తిగా ఊడిపోకుండా కోసి, అక్కడి నుంచి తెగకుండా రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీగా తొక్కను చుట్టూ తీస్తూ పోవాలి. కత్తిని ముందుకూ వెనక్కూ చిన్నగా ఆడిస్తే అంచు కాస్త అలలుగా వస్తుంది. సూటి అంచు కంటే అదే రేకులా ఉంటుంది. పట్టీ రెండో చివర నుంచి, తొక్క బయటికి ఉండేలా, మొదట బిగువుగా, తరువాత వదులుగా చుట్టుకుంటూ వచ్చి ఆ బిళ్ల మీద కూర్చోబెడితే గులాబీ నిలుస్తుంది.

క్యారెట్, కీర దోస వంటివాటిని పీలర్‌తో పొడవాటి పట్టీలుగా తీసి, అర లీటరు నీటికి ఒక టేబుల్ స్పూను ఉప్పు కలిపి పది పదిహేను నిమిషాలు నానబెట్టాలి. విరగకుండా వేలికి చుట్టుకునేంత మెత్తబడ్డాక, మంచినీటిలో ఒకసారి ముంచి ఉప్పు పోగొట్టి, గుడ్డతో అద్ది చుట్టాలి. టర్నిప్ దుంపతో చామంతి చేసేటప్పుడు కూడా ఉప్పునీరే అక్కరకు వస్తుంది. మూడు, నాలుగు సెంటీమీటర్ల ముక్కకు రెండు పక్కలా రెండు పుల్లలు పెట్టి, కత్తి ఆ పుల్లల మీద ఆగేలా, ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడంతో నిలువుగా, మళ్లీ అడ్డంగా గాట్లు పెట్టాలి. ఉప్పునీటిలో అరగంట నానిన తరువాత మెల్లగా పిండి, చక్కెర కలిపిన వెనిగర్‌లో వేస్తే సన్నటి రేకులన్నీ విడిపోయి చామంతిలా పరుచుకుంటాయి.

యాపిల్ గులాబీకి సగం కాయను రెండు మిల్లీమీటర్ల బిళ్లలుగా కోసి, వేడి చక్కెర పాకంలో ఒకటి రెండు నిమిషాలు మెత్తబరచి, ఒకదానిపై ఒకటి సగం పడేలా వరుసగా పేర్చి చుట్టాలి. యాపిల్, బేరి పండ్లు కోయగానే నల్లబడడానికి కారణం వాటిలోని ఒక ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో చేరి రంగు మార్చడమే; పులుపు దాన్ని అడ్డుకుంటుంది. కాబట్టి లీటరు నీటిలో రెండు మూడు టేబుల్ స్పూన్ల నిమ్మరసం కలిపి పక్కన పెట్టుకుని, కోసిన బిళ్లను కోసినట్టే అందులో వేయాలి. పండిన మామిడి ముక్కలకు పాకం అవసరం లేదు. పలుచగా కోసి పక్కకు జార్చి చుట్టితే చాలు.

రంగు, నిల్వ, పళ్లెం

బీట్‌రూట్ ముట్టుకున్నదానికల్లా రంగు పట్టిస్తుంది గనుక దాన్ని అన్నిటికన్నా చివర చెక్కి, రంగు కారడం తగ్గేదాకా కడిగి, విడి గిన్నెలో ఉంచాలి. ఆ కడిగిన నీటిని పారబోయవద్దు. తెల్ల ముల్లంగి పువ్వును తలకిందులుగా పట్టి అందులో కొద్దిసేపు ముంచితే రేకుల అంచులకు మాత్రమే గులాబీ రంగు ఎక్కుతుంది.

దుంప పూలను చన్నీటిలో మునిగేలా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, రోజూ నీరు మారుస్తూ ఉంటే రెండు రోజులు బాగుంటాయి. టమాటా, పుచ్చకాయ పూలను నీటిలో వేయకూడదు. వాటిని తడి వస్త్రంతో కప్పి, పైన ప్లాస్టిక్ పొర చుట్టి చల్లగా ఉంచాలి. ఏ పువ్వునైనా గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచితే దాన్ని అలంకారంగా చూడాలే గాని తినకూడదు. పువ్వును నిలబెట్టడానికి పళ్లు కుట్టుకునే పుల్లలు గుచ్చే అలవాటును నేను సమర్థించను. తినేవారికి అవి రేకుల మధ్య కనిపించవు. వాటి బదులు క్యారెట్‌ను సన్నటి పుల్లలా చెక్కి గుచ్చితే అదే పట్టు దొరుకుతుంది.

వడ్డించే రోజుకు పనులను ఈ వరుసలో పెట్టుకుంటే హడావుడి ఉండదు. ముల్లంగి, టర్నిప్ పూలను ముందు రోజు రాత్రే చెక్కి, ముల్లంగిని నీటిలో, టర్నిప్‌ను వెనిగర్‌లో ఉంచాలి. క్యారెట్ పూలు, పుచ్చకాయ ఆ ఉదయం. మిరప, ఉల్లికాడలకు రెండు గంటల ముందు సమయం చాలు. కీర దోస తొక్కను ఆకు ఆకారంలో కోసి, అంచులకు నొక్కులు, నడుమ ఈనె గీసి చన్నీటిలో వేయడం కూడా ఆ సమయంలోనే అయిపోతుంది. టమాటా గులాబీ చివరి గంటలో. యాపిల్ మాత్రం పళ్లెం సర్దడం అంతా అయ్యాక, ఆఖరున.